ఆటవెలదిలో ఇమడని పలహారం

ఆ.వె.
వెన్న పొరల మధ్య వేడి యావిరి పొంగి
చిన్న చంద్రవంక చెక్కినట్లు
కాఫి పక్క జేరి కరకరలాడెడి
దాని తిన్నవాఁడు ధన్యుఁడగును

అవతారిక: పారిస్‌లో ఓ పేట బేకరీ. ఆదివారం, పొద్దున పదకొండు. టిఫినుకు ఆలస్యం, భోజనానికి తొందర. ఈ సంధివేళ తిండికి బ్రంచ్ అనే పేరు ఇంగ్లండులో 1895లోనే అచ్చయింది. ఫ్రెంచివాళ్లు ఆ మాటను నమలకుండా మింగేశారు. అక్కడ గోడవార బల్ల దొరికించుకొని కవి చెప్పిన పద్యమిది.

టీక: వెన్న పొరల మధ్య = పిండిలో వెన్న పలక పెట్టి, వత్తి, మూడేసి మడతల చొప్పున మూడుసార్లు మడవగా ఏర్పడిన 27 వెన్న పొరల నడుమ; వేడి యావిరి పొంగి = వెన్నలో దాగిన నీరు పొయ్యి వేడికి ఆవిరై పొరలను పైకి తన్నగా; చిన్న చంద్రవంక చెక్కినట్లు = వివాదాస్పదం, కింద చూడుడు; కాఫి = రెండు గుక్కలకు అయిపోవు నల్లనిది, పాలు కావలెనన్న విడిగా చెప్పుకోవలసినది; పక్క జేరి = ముంచుటకు వీలుగా ఉండి; ధన్యుఁడగును = చొక్కానిండా రేకులు రాల్చుకొని, పళ్లెంలో మిగిలినవాటిని తడివేలితో అద్దుకొని నాకును.

తాత్పర్యం: సుగమం. తినని వారికి చెప్పినా తెలియదు.

విశేషాలు: కవి ‘దాని’ అన్నాడే గాని వస్తువు పేరెత్తలేదు. కారణం ఛందస్సు. క్రువాసాఁ అంటే ఒక లఘువు, రెండు గురువులు, యగణం. అది సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. హైదరాబాదులో వినిపించే ‘క్రోసాంటు’ పాఠం తగణమై పద్యంలో చక్కగా కూర్చుంటుంది గాని, పారిస్ కౌంటరు దగ్గర నిలబడదు.

పూర్వపక్షం: పారిస్ బేకరీల్లో అచ్చంగా వెన్నతో చేసింది సాధారణంగా తిన్నగా ఉంటుంది. కొసలు వంచి నెలవంక చేసేది మామూలు రకం, మార్గరీన్ సరుకు. మరి మొదటి పాదంలో వెన్న, రెండో పాదంలో చంద్రవంక ఎట్లా పొసగును?

కొందరు సమాధానం చెప్పారు: ఆ ఫ్రెంచి మాటకు అర్థమే నెలవంక, కవి పేరును వర్ణించాడు, ఆకారాన్ని కాదు. ఇంకొందరు వంశవృక్షం ఎత్తారు. 1830ల చివర ఆగస్ట్ త్సాంగ్ అనే ఆస్ట్రియావాడు పారిస్ రిష్‌ల్యూ వీధిలో వియన్నా బేకరీ పెట్టాడు; వియన్నా ఊరి నెలవంక రొట్టె కిప్‌ఫెల్ దీనికి తాత కనుక తాత పోలిక వచ్చిందని. (1683లో తురుష్కుల ముట్టడి నాడు వియన్నా రొట్టెలవాళ్లు దీన్ని పుట్టించారనేది కట్టుకథ. దాన్ని పట్టుకొని వాదానికి దిగేవారితో మేము కాఫీ తాగము.)

ఇవేవీ మాకు సమ్మతం కావు. నాలుగో పాదంలోని ‘తిన్న’ శ్లేష. ఆరగించిన అని ఒకటి, వంకర లేని అని మరొకటి. కాబట్టి కవి తిన్నది తిన్ననిదే. చంద్రవంక పక్కబల్ల వాడిది. కవి కన్ను దాని మీద ఉంది.

చివరిగా, ‘తిన్నవాఁడు’ ఏకవచనం. ఒకటి కొని ఇద్దరు పంచుకుంటే ఈ ఫలం దక్కదు. రెండు కొనండి.