లాడ్జి గడప తొక్కని బావ

ప్రతి వంశంలోనూ ఒకరుంటారు. ఏ ఊరెళ్ళినా లాడ్జి గడప తొక్కరు. "పైసలిచ్చి పరాయి మంచం మీద పండుడేంది?" అంటారు. మా వంశంలో ఆ పదవి మా బావది. ఊరు బాటసింగారం, పండ్ల మార్కెట్లో కమీషన్ వ్యాపారం.

మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్ళూ మామిడి సీజనంతా ఆయన మకాం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇల్లే. తెల్లారకముందే లారీల దగ్గరుండాలనేవాడు. న్యాయమే. 2021లో ఆ మార్కెట్టే లేచి బాటసింగారం పోయింది. మా ఆవిడ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. వారం తిరగకముందే బావ సంచీతో దిగాడు. "మార్కెట్ దగ్గరయింది, మీరు దూరమయిన్రు బామ్మర్దీ. మనసొప్పలే." అక్కకు ఫోన్ చేస్తే, "ఉండనియ్‌రా, నాలుగు దినాలు నాకు నెమ్మది" అంది.

దిగిన గంటకల్లా మా ఉప్పుడబ్బా జాగా మారుతుంది. మర్నాటికి పాలవాడి లెక్క, వాచ్‌మన్ కొడుకు చదువు ఆయన చేతిలోకి పోతాయి. ఫ్రిజ్ తెరిచి, నేను బేరమాడి తెచ్చిన బేనిషాన్ తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, కళ్ళు మూసుకుని వాసన చూసి, "కార్బైడ్" అని మళ్ళీ లోపల పెట్టేస్తాడు. ఇక ఆ పండు ఎవరి గొంతూ దిగదు. నేను పళ్ళు నూరుతుండగానే, సాయంత్రానికి గడ్డిలో మాగేసిన కాయలు పెట్టెడు వస్తాయి. పిల్లలెప్పుడూ ఆయన పార్టీయే.

పోయినేడు సీజన్ అయిపోయాక ట్రినిడాడ్ వెళ్ళాడు. తమ్ముడి కొడుకు అక్కడ ఉద్యోగం. కుర్రాడిది ఒంటిగది. హోటల్ బుక్ చేస్తానంటే బావ అలిగాడట. చివరికి ఆ కుర్రాడే, రచయిత నైపాల్ పుట్టిన షగ్వానస్‌లో, ఒక పెద్దావిడ ఇంట్లో పొద్దుటి టిఫినుతో సహా గది కుదిర్చాడు. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ దిగిన జట్టుతో మొదలై, చెరకుతోటల కూలికి పోయిన మనదేశం వాళ్ళ సంతతి అక్కడ ఊళ్ళకు ఊళ్ళుంది. ఆవిడదీ ఆ సంతతే. ఆ ముక్క చెవినపడగానే బావ లెక్కలో ఆవిడ గది అద్దెకిచ్చిన మనిషి కాకుండా పోయింది. నూట ఎనభై ఏళ్ళుగా ఉత్తరం ముక్క రాయని చుట్టం అయింది.

బావకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు హిందీ రాదు. ఆయన నాలుగు వేళ్ళు చూపి, గాలిలో రెండు సున్నాలు చుట్టి, "లారా" అన్నాడట. 2004లో తమ దీవి బిడ్డ క్రికెట్లో కొట్టిన 400 ఆవిడకు వెంటనే వెలిగింది. ఆ రాత్రికే బావకు వంటింటి ప్రవేశం దొరికింది.

పొద్దున డబుల్స్ పెట్టిందట. రెండు మెత్తటి బారా రొట్టెల మీద శనగల కూర. మారడిగి వేయించుకున్నాడు. పక్కన కుచేలా వేసింది. పచ్చిమామిడి కోరులో మసాలా, ఆవనూనె కలిపే పచ్చడి. నాలిక్కి రాసుకుని, "మన తొక్కే గని నూనె తప్పింది" అని తీర్పిచ్చాడు. నువ్వులనూనె కోసం కుర్రాణ్ణి బజారంతా తిప్పించాడు. వాళ్ళ జూలీ మామిడిపండు తొడిమా నొక్కి వాసన చూశాడట. కార్బైడ్ అనలేదు. అదెంత మర్యాదో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

బయల్దేరేటప్పుడు ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందట. నమ్ముతాను. ఆయన వెళ్ళిపోయిన మర్నాడు మా ఇల్లూ బోసిపోతుంది. పైకి అనం, అంతే.

మొన్న ఫోన్ చేశాడు. పెద్దావిడ కొడుకు, కోడలితో వస్తోందట, రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలట. అది బావ ఇంటికి కూతవేటు దూరం.

"మరి ఎక్కడ దింపుతున్నవ్ బావా?"

"గదేం ప్రశ్న? ఇంటి మనుషుల్ని లాడ్జిల పెడ్తమా? మీ ఇంట్లనే. మీ అక్కకేమో మోకాళ్ళ నొప్పులాయె. నేను గూడ ఆళ్ళతోనే ఉంట. కొత్తచోటు గద, మొహమాటపడ్తరు."