పిసినారి చేతిలో కెమెరా

ఫొటోగ్రఫీ చౌకైన సరదా అనే పుకారు డిజిటల్ కెమెరాతో పుట్టింది. అంతకుముందు ఎవరికీ ఆ భ్రమ లేదు. మా నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్-త్రీ ఉండేది. 120 రీలు వేస్తే 12 ఫొటోలు వచ్చేవి. ఎవరైనా కళ్లు మూస్తే, అయ్యో పాపం బాగా పడలేదే అనే విచారం ఆయనకు ఉండేది కాదు. రీలులో పన్నెండో వంతు గంగపాలైందనే విచారం ఉండేది. ఆ కెమెరాకి లెన్సు ఊడదు, మారదు. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతే. ఏ లెన్సు కొనాలి అనే ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

నాకు నాన్న నుంచి సంక్రమించిన ఆస్తి పిసినారితనం ఒక్కటే. అందుకే డిజిటల్ వచ్చాక, ఎన్ని నొక్కినా పైసా పోదని తెలిసి నాలాంటివాళ్లం పండగ చేసుకున్నాం. కంపెనీలు మాత్రం మన సంతోషం చూస్తూ ఊరుకునే రకం కాదు. రీలు మీద పోయింది లెన్సు మీద వసూలు చేసుకుంటున్నాయి. చక్రవడ్డీతో.

కెమెరాతోపాటు ఒక లెన్సు ఇస్తారు. 18 నుంచి 55 మిల్లీమీటర్ల దాకా జూమవుతుంది. దాన్ని కిట్ లెన్సు అంటారు. పెట్టెలో ఊరికే వచ్చిన వస్తువు కాబట్టి దానికి లోకంలో గౌరవం లేదు. మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు నా కెమెరా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి అన్నాడు: “బావా, కెమెరాతో వచ్చిన లెన్సే వాడుతున్నావని బయట ఎవరితోనూ అనకు.” ఆఫీసులో మా సెక్షన్ కుర్రాడిది ఇంకా దూరదృష్టి. “ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లకపోతే డెప్త్ రాదు సార్” అన్నాడు. ఫుల్ ఫ్రేమ్ అంటే లోపలి సెన్సారు పాత 35 ఎంఎం ఫిల్ము గడంత, అంటే 36కి 24 మిల్లీమీటర్లు ఉండటం. ఆ నాలుగు గోళ్లంత పలకకీ, నా కెమెరాలో ఉన్న కాస్త చిన్న పలకకీ మధ్య తేడా నా జీతంలో చాలా నెలలు. ఇక మా అన్నయ్య కొడుకు, “ఇవన్నీ ఎందుకు బాబాయ్, ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ ఉందిగా” అని వాళ్లమ్మని తీసి చూపించాడు. వెనక గోడ మసకబారింది, నిజమే. గోడతోపాటు వదినగారి ఎడమచెవి బుట్టకమ్మ కూడా మసకలో కలిసిపోయింది. అది బంగారందని, ఫొటోలో కనబడకపోతే పెట్టుకున్న ప్రయోజనమేమిటని ఆవిడ ఇప్పటికీ వాడితో సరిగ్గా మాట్లాడటం లేదు.

వీళ్లందరిలో పనికొచ్చే మాట అన్నది ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. “మీరు వేటిని తీస్తారండీ?” అని అడిగాడు. లెన్సు గురించి నన్ను ఎవరైనా అడిగిన మొదటి తెలివైన ప్రశ్న అది. జవాబు నోటితో చెప్పనక్కర్లేదు, కంప్యూటరే చెబుతుంది. ప్రతి ఫొటో వివరాల్లోనూ అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీసిందో రాసి ఉంటుంది. కూచుని పాత ఫొటోలన్నీ తిరగేశాను. అన్నీ ఉంటే 18 దగ్గర ఉన్నాయి, లేకపోతే 55 దగ్గర ఉన్నాయి. మధ్యలో 24, 35, 40 అనే అంకెలున్న సంగతి నా చేతికి తెలిసినట్టే లేదు. మీదీ తీసి చూసుకోండి, ఇంతకన్నా మధ్యేమార్గం కనబడదు. జూమ్ చేతికొస్తే మనిషి అతివాది అవుతాడు.

18 దగ్గరున్నవి ఇళ్లు, గుళ్లు, చుట్టాల గుంపులు. 55 దగ్గరున్నవి రెండు రకాలు. ఒకటి, నిజంగానే దగ్గరికి వెళ్లలేనివి: చెట్టుమీద పిట్ట, చెరువు అవతల పడవ. రెండు, వెళ్లడానికి మొహమాటపడ్డవి: పూలమ్మే మామ్మ, టీ కొట్టు దగ్గర చుట్ట కాల్చే పెద్దాయన. ఈ రెండో రకానికి అందరూ సిఫారసు చేసే మందు 70-200, ఎఫ్ 2.8. బరువు కిలో పైన, ధర లక్ష పైమాట. మొహమాటం పోగొట్టుకోవడానికి నాకు తెలిసిన చవక మార్గం వేరే ఉంది. మూర పూలు కొని, “అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?” అనడం. పూలు ఇంట్లో కూడా పనికొస్తాయి.

ఇక ఎఫ్ నంబర్ల సంగతి. ఇది అర్థమయ్యాక లెన్సుల వ్యాపారం మీద నాకు భక్తి కలిగింది. అంకె తగ్గేకొద్దీ ధర పెరిగే సరుకు ఇంకెక్కడైనా ఉందా? లెక్క మాత్రం తేలిక. లెన్సు పొడవుగా చెప్పే ఆ మిల్లీమీటర్లను, లోపల వెలుతురు దూరే కన్నం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబరు. 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8 అంటే కన్నం దాదాపు 28 మిల్లీమీటర్లు. కిట్ లెన్సుని 55 దాకా లాగితే దాని ఎఫ్ 5.6కి వచ్చి ఆగుతుంది, కన్నం పది మిల్లీమీటర్లు కూడా ఉండదు. లోపలికొచ్చే వెలుతురు తేడా సుమారు పది రెట్లు.

పది రెట్లంటే ఏమిటో తెలియాలంటే శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లాలి. రాత్రిపూట విద్యుత్ ప్రభలు, వాటి కింద జనం, జనం మధ్య తండ్రి భుజమెక్కిన పిల్లాడు. ఎఫ్ 5.6తో తీస్తే షట్టరు సెకనులో పదోవంతు తెరుచుకుని ఉండాల్సిన చోట, ఎఫ్ 1.8తో నూరోవంతు చాలు. మొదటిదాంట్లో పిల్లాడికి ముక్కులు రెండు పడతాయి. రెండోదాంట్లో ఒకటే పడుతుంది, అదీ వాడిదే.

ఇంత ఉపకారం చేసే 50 ఎంఎం ఎఫ్ 1.8, లెన్సుల్లోకెల్లా చవకైనవాటిలో ఒకటి. కంపెనీని బట్టి ధర కాస్త అటూ ఇటూ. ఎందుకంత చవక అంటే, దీని లోపలి గాజుల అమరికకు మూలం 1896లో జైస్ కంపెనీకి పాల్ రుడాల్ఫ్ గీసిచ్చిన ప్లానార్ లెన్సు. నూట ఇరవై ఏళ్ల పైచిలుకు అందరూ అరగదీసిన డిజైన్, కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. పైగా లక్షల్లో తయారవుతుంది. కానన్ వాళ్లు 1990లో తెచ్చిన రకంలో లోహపు మౌంటు కూడా తీసేసి ప్లాస్టిక్ పెట్టారు. బరువు 130 గ్రాములు. నేనే ఆ కంపెనీకి మేనేజరునైనా ఆ పనే చేసి ఉండేవాణ్ని. 1.8 కన్నా ఇంకో మెట్టు దిగి ఎఫ్ 1.4 కావాలంటే వెలుతురు ఒకటిన్నర రెట్లకు కాస్త పైన, ధర మాత్రం రెట్టింపు దాటి పోతుంది. 1.2 గురించి పిసినారుల ముందు మాట్లాడకూడదు.

అయితే 50 కొనమని కళ్లుమూసుకుని చెప్పేవాళ్లందరూ ఒక విషయం దాస్తారు. మన చిన్న సెన్సారు కెమెరాల మీద అది 75గానో 80గానో ప్రవర్తిస్తుంది. లెక్క వేస్తే, పది అడుగుల దూరం నుంచి దానికి కనబడే వెడల్పు నాలుగున్నర అడుగులు. మన అపార్టుమెంటు హాల్లో పది అడుగులు వెనక్కి పోతే టీవీకి వీపు తగులుతుంది. మా ఆవిడ, ఆవిడ చెల్లెళ్లు ముగ్గురూ సోఫాలో కూచున్న ఫొటో కోసం నేను బాల్కనీలోకి వెళ్లి, గుమ్మంలోంచి తీశాను. మధ్యలో దోమతెర తలుపు. “ఏమండీ, ఇంకొంచెం వెనక్కి వెళ్తే రెండో అంతస్తు నుంచి పడతారు” అని సోఫాలోంచి హెచ్చరిక వచ్చింది. ఇంట్లో మనుషుల్ని ఎక్కువగా తీసేవాళ్లకి ఈ కెమెరాల మీద 35 ఎంఎం నయం. అదే పది అడుగుల నుంచి ఆరున్నర అడుగులు పడతాయి. మరదళ్లు ముగ్గురున్నవాడు 35, ఒక్కతే ఉన్నవాడు 50 కొనుక్కోవచ్చు.

కొనేముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. కిట్ లెన్సుని 35 దగ్గర పెట్టి, జూమ్ రింగు కదలకుండా టేపు అంటించండి. కొన్నాళ్లు అలాగే తీయండి. తర్వాత టేపు పీకి 50 దగ్గర అంటించండి. ఏది చేతికి నచ్చితే అదే మీ లెన్సు. టేపు పది రూపాయలు, మిగిలింది పిల్లల పుస్తకాలకు.

సెకండ్ హ్యాండ్ బజారు అసలైన ఆటస్థలం. లెన్సులు కెమెరాల్లా త్వరగా ముసలివి కావు. అక్కడ అమ్మేవాళ్ల భాష ప్రత్యేకం. ప్రతి లెన్సూ “మింట్ కండిషన్”, ప్రతి లెన్సూ “సింగిల్ హ్యాండ్”. పాత కార్లన్నీ డాక్టరుగారు వాడినవే అయినట్టు, పాత లెన్సులన్నీ ఫారిన్ వెళ్లిపోయిన అబ్బాయివే. సంతలో ఎద్దు పళ్లు పట్టి చూసినట్టు చూడాలి. వెనక నుంచి ఫోన్ టార్చి కొట్టి ముందు నుంచి చూస్తే గాజు లోపల బూజు దారాలు కనబడతాయి. అది ఫంగస్. కోస్తా గాలిలో ఉప్పుకంటే ఎక్కువ దొరికేది తేమ కాబట్టి వైజాగ్, కాకినాడ నుంచి వచ్చిన సరుకుని ఇంకో నిమిషం ఎక్కువ చూడాలి. కన్నం రెక్కల మీద నూనె మెరిస్తే వద్దు. తలకిందులు చేస్తే జూమ్ దానంతటదే జారితే బేరం ఆడండి. ఇవన్నీ కాక, రింగు మీది గాడుల్లో చూడండి. అక్కడ పసుపు కనబడితే ఆ లెన్సు ఎన్నో తలంబ్రాలు పడ్డ పెళ్లిళ్ల లెన్సు. సింగిల్ హ్యాండే కావచ్చు, ఆ చెయ్యి మాత్రం సీజన్లో తెల్లవార్లూ ఆగలేదు.

ఇంకో చిక్కు. నికాన్ పాత 50 ఎంఎం ఎఫ్ 1.8 డి రకం చవకగా దొరుకుతుంది, మంచి లెన్సు. దాని లోపల ఫోకస్ మోటారు లేదు, కెమెరాలో ఉన్న మోటారు తిప్పాలి. నికాన్ డి3000, డి5000 వరస కెమెరాల్లో ఆ మోటారు పెట్టలేదు. “ఆటోఫోకస్ లెన్సేనా?” అని అడిగితే షాపాయన “ఔనండీ” అంటాడు. అబద్ధం కాదు. “నా కెమెరా మీద ఆటోఫోకస్ అవుతుందా?” అని అడగాలి. కెమెరా తీసుకెళ్లి అక్కడే బిగించి చూడటం ఇంకా మంచిది.

పిట్టల దగ్గరికొస్తే మా బామ్మర్ది మళ్లీ హాజరు. “పక్షులంటే 600 ఎంఎం లేకుండా లాభం లేదు బావా.” కంపెనీలు సొంతంగా చేసే 600 ఎఫ్ 4 ధర అడిగాను. విన్నాక మంచినీళ్లు అడిగాను. పిట్ట చిన్నదైతే లెన్సు పెద్దది కావాలి, నిజమే. అలాంటప్పుడు పెద్ద పిట్టనే తీయొచ్చుగా! గుంటూరు పక్కన ఉప్పలపాడులో, ఊరి చెరువులోని చెట్లమీద చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురాలు పెడతాయి. గూడబాతు రెక్కలు విప్పితే రెండు మీటర్ల పైమాట. ఊళ్లో జనానికి అలవాటుపడ్డ పక్షులు, మనల్ని చూసి పారిపోవు. అక్కడ పాత 55-250 లెన్సు చాలు. పొద్దున్నే వెళితే వెలుతురు బాగుంటుంది, బస్సులో సీటు కూడా దొరుకుతుంది. పిచ్చుక కోసం లక్షలు పోయడం కన్నా గూడబాతు కోసం బస్సెక్కడం మేలు.

చీమల్ని తీయాలనుకునేవాళ్లకి అంతకన్నా చవకైన దారి ఉంది. రివర్స్ రింగు అని కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దానితో ఉన్న లెన్సునే తిరగేసి బిగిస్తే మాక్రో లెన్సు తయారు. ఆటోఫోకస్ ఉండదు, స్పష్టంగా పడేది మిల్లీమీటరు మందమో ఇంకా తక్కువో. కెమెరానే ముందుకీ వెనక్కీ ఊపుతూ ఊపిరి బిగబట్టి నొక్కాలి. నేను వంటింట్లో అలా ఊపిరి బిగబట్టి ఉండగా మా ఆవిడ వచ్చి, “వాటిని ఫొటో తీయడం అయ్యాక చక్కెర డబ్బా మూత పెట్టండి” అని వెళ్లిపోయింది. చీమ మీసాలు బ్రహ్మాండంగా పడ్డాయి.

ఈ సరదాతో మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దగ్గర రాజా బిరుదు పొందిన దీన్ దయాళ్ మొదట ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగి. ఫొటోలు తీరికవేళ మొదలుపెట్టాడు. మా ఆఫీసు కుర్రాడికి ఈ సంగతి చెబితే, “ఆయనది ఏ కెమెరా సార్?” అన్నాడు. గాజుపలకల కెమెరా అన్నాను. “అది ఫుల్ ఫ్రేమేనా?” అన్నాడు. అంతకన్నా చాలా పెద్దదని చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

కొన్న లెన్సుని కాపాడుకోవడానికి వేలు పోసి డ్రై క్యాబినెట్ కొనక్కర్లేదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, నాలుగు సిలికా జెల్ పొట్లాలు చాలు. ఆ జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి, తవుడు లెన్సు సందుల్లోకి పోతుంది. మా డబ్బా పూర్వాశ్రమంలో అప్పడాలది. దాని కోసం ఇంట్లో జరిగిన చర్చలు ఇక్కడ రాయను.

చివరగా, ఈ వ్యాసం చదివి మా ఇంటికి వచ్చి, పెళ్లి ఉంది, మీ లెన్సు రెండ్రోజులు ఇస్తారా అని అడగదలుచుకున్న బంధుమిత్రులకు మనవి. లెన్సులు రోజు అద్దెకిచ్చే షాపులు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. ఆధార్ కార్డు, అడ్వాన్సు పట్టుకెళ్లండి. తిరిగిచ్చే ముందు రింగు మీద పసుపు తుడవండి.