తమ్ముడి పేరున రాసేశాను

విడాకుల నోటీసు చేతికందిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఎందుకు వెళ్లిపోతానంటోందో ఆలోచిస్తూ కాదు, ఎన్ని ఫ్లాట్లు చేజారతాయోనని లెక్కలేసుకుంటూ. నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఏ మగాడినైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి, వాడి బుద్ధీ ముందు అటే పోతుంది.

ఆవిడ అడిగింది రెండే. విజయవాడలో మేముంటున్న ఫ్లాటు, పెళ్లికి మా మామగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల ఖరీదు. ఆ పొలం అమ్మిన డబ్బుతోనే నా మొదటి అపార్ట్‌మెంటుకు పునాది పడింది. మేస్త్రీలకూ కూలీలకూ శనివారం బట్వాడా ఆవిడే చేసేది. చంకలో పిల్లాడు, ఒళ్లో మస్టర్ పుస్తకం, వరండాలో చాప మీద కూర్చుని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి డబ్బులిచ్చేది. దానికోసమే టీచరు ఉద్యోగం మానేసింది. చెయ్యి తిరిగాక అదంతా మర్చిపోయి ‘నా రెక్కల కష్టం’ అని ఊరంతా చెప్పుకున్నాను. పైకొచ్చిన వాళ్లకు మొదటి మెట్టు ఎవరు వేశారో గుర్తుండదు కదా.

‘బావా, ముందు నీ పేరున ఏమీ లేకుండా చూసుకో’ అన్నాడో బంధువు. మన చట్టంలో విడాకులకు ఆస్తిని చెరిసగం చేసే పద్ధతి లేదు, దస్తావేజు ఎవరి పేరున ఉంటే ఆస్తి వాళ్లదే అని కూడా చెప్పాడు. ఆ మాట నిజమే. ఆ ఒక్క ముక్క విని చట్టమంతా నాకు తెలిసిపోయిందనుకున్నాను.

ఇక ఆగలేదు. మర్నాడే దస్తావేజు లేఖరి దగ్గరికి పరుగెత్తాను, తమ్ముణ్ణి పొలం పనిలోంచి లాక్కొచ్చాను, స్టాంపు డ్యూటీ నేనే కట్టాను, రెండు ఫ్లాట్లూ ఊరి బయట స్థలమూ వాడి పేరున దానసెటిల్‌మెంటు రాసేశాను, వేలిముద్రలు వేశాను, ఫొటో దిగాను, తాళాలు కూడా వాడి చేతిలో పెట్టి ప్రపంచాన్ని జయించినవాడిలా ఇంటికొచ్చాను.

కేసు ఫ్యామిలీ కోర్టుకెక్కింది. 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, భరణం తేలాలంటే ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. నేనూ రాసిచ్చాను. ఫ్లాట్లూ స్థలమూ తమ్ముడివేనని, వాటితో నాకు సంబంధం లేదని సంతకం చేశాను. ఆవిడ లాయరు ఏమీ వాదించలేదు. ఆస్తి చేతులు మారిన వివరాలుండే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, దానపత్రం రిజిస్టరైన తేదీ కింద పెన్నుతో గీత గీసి, పక్కనే నోటీసు నాకు అందినట్టున్న రసీదు పెట్టాడు. రెండింటికీ మధ్య పట్టుమని పది రోజులు లేవు. ‘ఈ దానం చేయాల్సిన అవసరం అప్పుడే ఎందుకొచ్చింది?’ అని జడ్జిగారు అడిగారు. నోరు పెగల్లేదు. వెనక బెంచీలో మా అబ్బాయి ఉన్నాడు. వాడు తల దించుకున్నాడు.

పేరు మారిస్తే స్తోమత మారదని నాకప్పుడు తెలిసింది. భరణం లెక్కకు కోర్టు దస్తావేజులతో పాటు మనిషి సంపాదన, బతికిన తీరు, దాచిన వైనం కూడా చూస్తుంది. భర్త ఆస్తితో సమానం చేయడానికి కాదు భరణం అని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. అదే నెలలో ఇంకో కేసులో, కుటుంబం కోసం భార్య వదులుకున్న ఉద్యోగాన్నీ లెక్కలోకి తీసుకోవాలంది. దోచుకుపోతారన్న నా భయానికీ, ఆవిడ కష్టాన్ని సున్నా కట్టిన నా అహంకారానికీ రెండింటికీ అక్కడే జవాబుంది.

చివరికి పరస్పర అంగీకారంతో విడిపోయాం. ఆవిడ మొదట అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను. అంతా అయ్యాక తమ్ముడింటికెళ్లి, ఇక తిరిగి రాసివ్వరా అన్నాను. వాడు కాఫీ ఇచ్చి నెమ్మదిగా అన్నాడు: ‘అన్నయ్యా, అవి నావేనని కోర్టులో నువ్వే ప్రమాణం చేశావు కదా?’

రిజిస్టరై స్వాధీనం కూడా ఇచ్చేసిన దానపత్రాన్ని, మనసు మారిందని రద్దు చేసుకునే వీల్లేదు. తమ్ముణ్ణి తిట్టలేను. పరాయి సొమ్ము దాచడం ఎలాగో వాడికి నేర్పిందే నేను.

ఇలాంటి నోటీసు మీ ఇంటికి రాకూడదు. వస్తే మాత్రం బంధువుల మాట పట్టుకుని రిజిస్ట్రారాఫీసుకు పరుగెత్తకండి. మంచి లాయరు ముందు కూర్చుని ఉన్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. పసుపు కుంకుమ పొలం, పుట్టింటి బంగారం ఆవిడవే, వాటిని ముందు పక్కన పెట్టండి. ఆ తర్వాత, మీకోసం ఆవిడ ఏం వదులుకుందో రాయండి. ఇవ్వాల్సిందెంతో అప్పుడు మీకే తెలుస్తుంది. అంతా ఇచ్చాక కూడా మీకు మిగిలేది, దాచబోయి నేను పోగొట్టుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. పిల్లల ముందు తలెత్తుకోగలుగుతారు కూడా.