సొంత గనులుంటేనా!

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ వాళ్లుండే ఉక్కునగరంలో ఏ సెక్టారుకెళ్లినా ఒక ఉక్కు బాబాయి తగులుతాడు. చారులో ఉప్పెక్కువైందని పిల్లలు గొణిగితే, పిన్ని కంటే ముందు ఆయనే అందుకుంటాడు: "సొంత గనుల్లేని ఫ్యాక్టరీ తిండి ఇలాగే ఉంటాది." ఉప్పుకీ గనులకీ ఏమిటి సంబంధమని అడక్కండి. జీతం రెండు ముక్కలుగా పడినా, క్వార్టరు గోడ చెమ్మెక్కినా, అమ్మాయి సంబంధం వెనక్కిపోయినా ఆయనకి కారణం ఒక్కటే. ఇనుప ఖనిజం సెయిల్‌కి సొంత గనులది, విశాఖ ఉక్కుకి మాత్రం బైలదిల్లా నుంచి కొనుక్కున్నది. జీతం వరకూ ఆయన వాదనలో పస లేకపోలేదు.

కంపెనీ గురించి బాబాయి అభిప్రాయాలు షిఫ్టుల వారీగా మారతాయి. ఎ షిఫ్టు క్యాంటీన్లో, "అయిపోనాదిరా, ఇంక తాళమే." బి షిఫ్టు బస్సులో, "ఏటి తాళం? తొంభైల్లోనూ మూసేస్తారన్నారు. 2010లో నవరత్న హోదా రాలేదేటి?" సి షిఫ్టులో, అర్ధరాత్రి దాటాక, రెండూ నమ్ముతాడు.

బ్లాస్ట్ ఫర్నేసులు మూడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. "అన్నపూర్ణకి బాగులేదు, ఆపేశారు" అని ఫోన్లో బాబాయి గొంతు వణికితే, కొత్త అల్లుడు అత్తగారికే ఏదో అయిందని రైలెక్కేశాడు.

2021 జనవరిలో నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామని కేంద్రం అన్నాక, బాబాయి కూర్మన్నపాలెం శిబిరంలో దీక్షకి కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ యాజమాన్యాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. సాయంత్రం ఓ పెళ్లిలో బెంగళూరు మేనల్లుడు, "నష్టాల కంపెనీని అమ్మేస్తే పోలా, మావయ్యా?" అన్నాడు. అంతే, విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. "జీతం రానోణ్ని నేను, తిడతాను. నీకేటిరా?" 1966 విశాఖ ఉక్కు ఉద్యమం దగ్గర మొదలెట్టిన ఉపన్యాసం పెళ్లికూతురి అప్పగింతలయ్యేదాకా సాగింది. ఆ పూట పెళ్లికూతురి కంటే ఆయనే ఎక్కువ ఏడ్చాడు.

2025 జనవరిలో రూ. 11,440 కోట్ల ప్యాకేజీ వార్త టీవీలో వచ్చింది. వీధంతా కాకినాడ కాజాలు పంచాడు. మర్నాడు పేపరు చదివి మొహం వేలాడేశాడు. రూ. 10,300 కోట్లు వాటా మూలధనమట, రూ. 1,140 కోట్లు పాత అప్పునే ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చడమట. "ఇందులో గనులెక్కడున్నాయిరా?" అని కళ్లజోడు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి వెతికాడు.

వీఆర్ఎస్ ఫారం మాత్రం బీరువాలో సిద్ధంగా ఉంది. పేరు, టోకెన్ నంబరు, సంతకం అన్నీ పూర్తి. తేదీ ఒక్కటే వెయ్యలేదు. లెక్కలు కట్టి మరీ చూపించింది పిన్ని. వచ్చే డబ్బు, తీరే అప్పు, మిగిలే వడ్డీ.

"అన్నీ బాగానే ఉన్నాయే" అన్నాడు బాబాయి, ఫారం మడిచి చీరల కింద దోపుతూ. "నేనలా వెళ్లగానే ఇదిలా బాగుపడిపోతేనో?"