మామ్మ జ్వరసూత్రము (టీకాతాత్పర్య సహితము)

మూలము:

“అమ్మాయ్! పిల్లాడి ఒళ్ళు వెచ్చబడ్డట్టుందే. ముందు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి తియ్యి. తులసమ్మకు చెప్పుకొని నాలుగాకులు కోసి, శొంఠి నలక్కొట్టి, మిరియాలు వేసి కషాయం కాచు. గడప దాటి ఎవరితోనూ అనకు. రేపటికీ తగ్గకపోతే డాక్టరుగారికి చూపిద్దాం.”

అవతారిక:

కాళిదాసుని మూడు కావ్యములకును వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి, మన మెదకుసీమవాడు, ఆ వ్యాఖ్యకు సంజీవని యనియు, నైషధమునకు వ్రాసినదానికి జీవాతువనియు పేర్లు పెట్టుటను బట్టియు, దుర్వ్యాఖ్యలను విషముచేత మూర్ఛిల్లిన కవివాక్కును లేవనెత్తుటకే పూనుకొంటినని చెప్పుకొనుటను బట్టియు, టీకాకారుడు వైద్యునికి దాయాదియే యని తేలుచున్నది. వేదము వేంకటరాయశాస్త్రిగారును ఆముక్తమాల్యదా వ్యాఖ్యకు సంజీవని పేరే ఉంచిరి. కావ్యములకింత వైద్యము జరిగిన దేశమున వైద్యమునకే వ్యాఖ్య లేకుండుట వెలితి గదా యని, మన యిండ్ల వంటయింటి గుమ్మముకడ తరతరములుగా వినవచ్చుచున్న పై మహావాక్యమునకు టీక వ్రాయ సాహసించితిని. మూలము లేనిది వ్రాయననియు, అక్కఱ లేనిది పలుకననియు మల్లినాథుడు పూనిన రెండు నియమములలో మొదటిది నాకు సులభము, మందులలో మూలములకేమి కొదవ? రెండవదానికి మాత్రము హామీ పడజాలను.

వ్యాఖ్య:

వక్త మామ్మ. శ్రోత కోడలు. పిల్లవాడు నిమిత్తమాత్రుడు, అతని అభిప్రాయము ఎవరును అడుగరు. ‘అమ్మాయ్’ అను సంబోధనము గమనింపదగినది. మిగిలిన దినములలో ‘ఏమే’ యనునది, మనుమనికి ఒళ్ళు కాగిన పూట మాత్రము ‘అమ్మాయ్’ అగును. జ్వరముయొక్క ప్రథమఫలమిది, అదియు మందు పడకమునుపే.

‘వెచ్చబడ్డట్టుందే’ — మెడక్రింద వెనుచేయి ఆనించి చూచినదానికి ఇంతకంటె నిశ్చయముగా చెప్పుట భావ్యము కాదు గాన ‘అట్టు’ అని సందేహము. జ్వరమను పేరెత్తకపోవుట నయము. రాత్రివేళ పామును పురుగనుచు వచ్చిన ప్రజలు రోగమును పేరుపెట్టి పిలిచి పీట వేయుదురా? మశూచి పొడచూపిన యింట ఆ పేరు నోటరానీయక ‘అమ్మవారు పోసింది’ అని చెప్పుకొని, గుమ్మమునకు వేపమండలు గుచ్చి, పడకమీద లేత వేపాకు పఱచి, దురద పుట్టినచోట గోటితో గీరనీయక వేపరెమ్మతో నిమురుచుండిరి. గోరు తగిలిన పొక్కు చీము పట్టును గాన ఆ రెమ్మవలన రోగికి సుఖము కలిగినమాట నిజము. కాని భారతదేశమున మశూచి నిర్మూలనమైనదని 1977లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ధారించినప్పుడు ఆ ఘనత టీకాకే దక్కినది. (ఈ టీకాకు కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.) మశూచి పోయినను మండలు పోలేదు. ఆటలమ్మ వచ్చినచో నేటికిని అవి గుమ్మమెక్కుచునేయున్నవి.

‘ముందు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి తియ్యి’ — ఈ ‘ముందు’ అను మాటపై అరుగుమీది పండితులు రెండు పక్షములుగా చీలిరి. దిష్టి యనునది వట్టి మూఢత్వమని ఒక పక్షము. అంతయు సైన్సేననియు, మిరపకాయపొగ క్రిములను చంపుననియు, మన పూర్వులు ఎఱిగియే ఇట్లు నియమించిరనియు రెండవపక్షము. మొదటివారితో నాకు పేచీ స్వల్పము, రెండవవారితోనే ఎక్కువ. ఏలయన, వీరు మామ్మ యననిమాటను మామ్మ నోట పెట్టుచున్నారు. ఆమె క్రిమిని తలపెట్టలేదు. ఎదురింటి ఆవిడ “పిల్లాడు ఒళ్ళు చేశాడే” అన్నమాటను తలపెట్టినది. మఱియు పూర్వులని వీరు చెప్పు పూర్వులు ఎంత పూర్వులో విచారింపవలెను. మిరపకాయ అమెరికాఖండపు పైరు. పోర్చుగీసువారి యోడలతో పదియాఱవ శతాబ్దిలో మన రేవులకు వచ్చినది. అంతకుముందు మన పిల్లలకు దిష్టి తగులలేదా? సుశ్రుతుడు వ్రణరోగి పడుకొన్న గదిలో ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి ధూపము వేయుమని, అది రాక్షసులను తఱుమునని చెప్పియున్నాడు. ఆ యుప్పు నేటికిని మామ్మ గుప్పిట నున్నది. దాని ప్రక్కకు మిరపకాయ వచ్చి చేరి, నిన్నటి కోడలు నేటి అత్త యైనట్లు, సనాతనమై కూర్చున్నది.

ప్రయోగవిధి: గుప్పెడు ఉప్పుకల్లు, అయిదాఱు ఎండుమిరపకాయలు పట్టి, పిల్లవానిని తూర్పుముఖముగ కూర్చుండబెట్టి, ఇటు మూడు మార్లు అటు మూడు మార్లు తిప్పి, ఇరుగువారి చూపు, పొరుగువారి చూపు, చివఱకు ఇంటివారి చూపు కూడ విడిచిపెట్టక వరుసగా పేర్కొని, నిప్పులలో వేయుదురు. ఉప్పు చిటపటలాడును. పిమ్మట పరీక్ష: ఘాటెక్కి ఇంటిల్లిపాదియు దగ్గినచో దిష్టి లేదని, దగ్గు రాకున్నచో ఘాటునంతను దిష్టియే మ్రింగినదని. తార్కికులు దీనిని హేత్వాభాసమందురు. ఎట్లు జరిగినను సిద్ధాంతము చెడదు గాన అది ప్రమాణము కాజాలదని వారి వాదము. వారి వాదము సరియైనదే. కాని మామ్మ ప్రమాణము కొఱకు తీయలేదు. కషాయపు నీళ్ళు మరుగుటకు పట్టు కాలమంతయు పిల్లవాడు ఏడుపు మాని, తన తలచుట్టు తిరుగుచున్న గుప్పిటను కన్నులతో వెంబడించును. తల్లి గుండె కుదుటపడును. వ్యాధి మాట యట్లుండనిండు, ఆ పావుగంట గడచినది. గ్యాసుపొయ్యి వచ్చిన పిమ్మట నిప్పులు కఱవై, ఇనుపమూకుడులో వేయించుట వాడుకలోనికి వచ్చినది. ఇది గౌణవిధి. దగ్గుమాత్రము ముఖ్యవిధికంటె అధికముగ వచ్చును.

‘తులసమ్మకు చెప్పుకొని’ — చెట్టు ననుమతి యడుగుట యని యర్థము. ఆదివారము కోయరాదు, మంగళ శుక్రవారములు కోయరాదు, ద్వాదశినాడు కోయరాదు, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ముట్టనే రాదు, గోరు తగులరాదు. ఈ నిషేధములన్నిటిని త్రోసివేయగా మిగిలినది చూచినచో, గృహస్థుడు జ్వరమును సోమ, బుధ, గురు, శనివారముల పగటిపూటకు కుదుర్చుకొనవలసియుండును. జ్వరములు ఇంతటి ఆచారపరాయణములు కావు గాన మామ్మ ఇచ్చట ఆపద్ధర్మము నాశ్రయించి, “తల్లీ, పిల్లాడికోసం” అని రెండు చేతులు జోడించి, కోటలో రాలిన ఆకులను ముందు ఏఱి, చాలనిచో కోయును. లక్ష్మీతులసి యైనను కృష్ణతులసి యైనను ఆమెకు సమ్మతమే, నలుపుదానికి ఘాటెక్కువని మాత్రము సణుగును. తులసియాకును నలిపినప్పుడు వచ్చు పరిమళమునందు యూజినాల్ అనునదియు పాలు గలది. లవంగమునకు వాసన నిచ్చునదియు అదియే. పెరటి నాలుగాకులలో అది ఎంతయుండునో, పిల్లవాని గొంతు దాటి ఎంత పనిచేయునో చెప్పుట వేఱుమాట. చెట్టుతో ఒక మాటాడి కోసిన చేయి కొమ్మను దూయదు. అందువలన తులసి మఱునాటికి మిగులును. ఇంతకంటె నేను పొగడలేను.

‘శొంఠి నలక్కొట్టి’ — మూలమునకు ఇదియే మూలము. అమరసింహుడు దీనికి మహౌషధమనియు విశ్వభేషజమనియు పేర్లు చెప్పినాడు; తెలుగువారు శొంఠి లేని కషాయము లేదని సామెత కట్టి ఊరకున్నారు. అల్లము ఎండునప్పుడు అందలి జింజెరాల్ అను ద్రవ్యము నీటిపాలు విడిచి షొగవోల్ అను మఱియొక ద్రవ్యమగును. మొదటిదానికంటె రెండవది కారము. పచ్చి అల్లము వంటకు, శొంఠి మందునకు అని మామ్మ విభజించుట ఈ రసాయనము తెలిసి కాదు, నాలుక తెలిసి. ‘నలక్కొట్టి’ అనుటలో ఇంకొక మెలకువ గలదు. మెత్తని పొడి వేసినచో కషాయము బురదయై గొంతున తగులుకొనును. కచ్చాపచ్చాగ దంచినచో సారము దిగి, పిప్పి వడపోతకు లొంగును. అనుభవము లేనివారు శొంఠికొమ్మును నేలపై నుంచి పచ్చడిబండతో ఒక్క దెబ్బ వేయుదురు. అది ఎగిరి బీరువాక్రింద దూరును. పాతగుడ్డలో చుట్టి కొట్టవలెను. శార్ఙ్గధరుడు క్వాథమునకు పదియాఱు రెట్లు నీరు పోసి ఎనిమిదవ పాలు మిగులువఱకు కాచుమన్నాడు; మామ్మ “గ్లాసున్నర పోసి అరగ్లాసుకు తే” అనును. ఆచార్యులిద్దఱికిని గల ఈ భేదమునకు కారణము శాస్త్రము కాదు, వంటగ్యాసు ధర. మిరియము కూడినచో త్రికటుకములలో రెండు సమకూడినట్లే. మూడవదగు పిప్పలిని పిల్లవాడు ఉమియునని మూలకారిణి విడిచిపెట్టినది. ఈ కషాయము గొంతును వెచ్చజేయును, చెమట పట్టించును, ముక్కు విడిపించును. సామాన్యముగ జలుబుతో వచ్చిన జ్వరము ఏ మందు లేకున్నను రెండు మూడు దినములలో దిగును గాన, కీర్తిమాత్రము కషాయమునకు వచ్చును.

‘గడప దాటి ఎవరితోనూ అనకు’ — మందు చెప్పినచో పాఱదను నమ్మకము దీని వెనుక నున్నది. ఈ నమ్మకము బలిసి వృక్షమైనది పచ్చకామెర్లకు పసరుమందు పోయువారికడ. ఆకు ఏదో చెప్పరు. తెల్లవాఱుజామున పరగడుపున రమ్మందురు. సొమ్ము ముట్టినచో మందు చెడునని కొందఱు కాసైన పుచ్చుకొనరు. ఉప్పు, నూనె మాని పథ్యముండుమందురు. తండ్రి కొడుకునకు తప్ప చెప్పని ఆ యాకు పలుచోట్ల నేల ఉసిరియే యని ఊరందఱికిని తెలియును. దానిపై 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఫలితములు ఆశ గొల్పినవి; పిదప ఇతరులు చేసిన పరీక్షలలో అవి నిలువలేదు. పెక్కు కామెర్లు కాలక్రమమున తమంత తాము తగ్గునవే యగుటచే పసరు గెలిచినట్లు కనబడును. తగ్గని కామెర్లవాడు మాత్రము పథ్యము తప్పెనని నింద మోయును. రహస్యమందు గల దోషమిది. మామ్మ చెప్పిన గోప్యత ఇట్టిది కాదు. ఎదురింటి ఆవిడ వినినచో పరామర్శకు వచ్చి, పరామర్శతో పాటు ఇంకొక చూపును తెచ్చునని ఆమె భయము. వచ్చిన ప్రతివారును ఒక మందు చెప్పిపోవుదురు గాన, ఈ నిషేధమును నేను సంపూర్ణముగ సమర్థింతును.

పాఠాంతరములు:

కొన్ని ప్రతులలో కషాయమునకు ముందు ‘వసకొమ్ము అరగదీసి నాకించు’ అని యధికపాఠము. పసివారికి వసకొమ్మును సానపై నూఱి నాకించినచో మాటలు త్వరగ వచ్చునని ప్రతీతి. వాగుడుకాయను వసపిట్ట యనుట అందువలననే. అదే కొమ్మును త్రాటికి గ్రుచ్చి మణికట్టునను మెడలోను కట్టుటయు గలదు, గాలి ధూళి సోకకుండుటకు. ఇచ్చట ఒక వింత. మంత్రమని మనము నవ్వునట్టి కట్టుడు వస, నోట పెట్టనీయనంతవఱకు, బిడ్డను ఏమియు చేయదు. మందని గౌరవించు నాకుడు వసలో బీటా అసరోన్ అను ద్రవ్యము గలదు, ఎలుకలపై పరీక్షింపగా అది కంతులు పుట్టించినందున 1968లోనే అమెరికావారు ఆహారపదార్థములలో వసను నిషేధించిరి. అరగదీయు చేయి ఎంత అరగదీయునో కొలత లేదు. కావున ఈ యధికపాఠమును నేను ప్రక్షిప్తముగ నెంచి తీసివేసితిని. పెద్దలు కోపింతురేని కోపింతురు గాక.

అంతకంటె ఘోరమైనది వాట్సాప్ ప్రతి. అందు దిష్టి లేదు, తులసమ్మకు చెప్పుకొనుట లేదు, గోప్యత అసలే లేదు. ‘నూటికి నూరుపాళ్ళు’ అనియు, ‘పది మందికి పంపండి’ అనియు లేని వాక్యములు చేరినవి. వీటినైనను క్షమింపవచ్చును. ‘రేపటికీ తగ్గకపోతే’ అను తుది వాక్యమును లేఖకులు నిశ్శేషముగ కొట్టివేసిరి. తాళపత్రమునకు చెద పట్టినచో కొస పోవుట కలదు. ఇచ్చట చెద లేదు, చేతులారా త్రుంచినారు. ఆ కొస పోయిన పిమ్మట మిగిలినది మామ్మ సూత్రము కాదు.

తాత్పర్యము:

పిల్లవానికి ఒళ్ళు కాగినది. ఇంట నున్నదేదో చేయవలెను. ఒక్క రాత్రి చూడవలెను. అప్పటికిని తగ్గనిచో ఇంట లేనివారిని అడుగవలెను.

విశేషములు:

‘రేపటికీ’ అను గడువును మంత్రమునకు మంత్రవేత్త యెవడును పెట్టడు; పసరువాడు పెట్టడు; ప్రకటనలలోని చూర్ణములవారు అసలే పెట్టరు. తన మందు ఓడిపోవు సమయమును తానే ముహూర్తము పెట్టి చెప్పిన వైద్యురాలు ఈమె యొక్కతెయే. ‘చూపించు’ అనక ‘చూపిద్దాం’ అనుటలో తానును ఆటో ఎక్కునని ధ్వని. ఎక్కి, డాక్టరుగారు పారాసిటమాల్ వ్రాయగా, దీనికి పథ్యమేమియని యడుగును. పథ్యము లేదనగా ఆ మందుపై ఆమెకు గౌరవము సగము తగ్గును. ఇక ‘రేపటికీ’ యనుట నడక నేర్చి, అన్నము తిని, అల్లరి చేయు పిల్లవాని విషయమని తెలియునది. మూడు నెలలు నిండని పసికందునకు ఒళ్ళు కాగినప్పుడు ఈ సూత్రము వర్తింపదు. మూలమున నోటితో చెప్పకున్నను ఆచరణమున స్పష్టము: ఆనాడు మామ్మ ఉప్పుజాడీ వైపు చూడనైన చూడక, అర్ధరాత్రియైనను కోడలికంటె ముందు చెప్పులు తొడుగుకొని వాకిట నిలుచును.