సారుగారు చేసిన డాక్టర్లు

డాక్టరుకు చదువొక్కటే చాలదని, డాక్టరుతనం కూడా అబ్బాలని మన పెద్దలు ఆలస్యంగానైనా గ్రహించారు. 2019లో ఎంబీబీఎస్ సిలబస్ తిరగరాసి, అందులో ‘ఎట్‌కామ్’ చేర్చారు. నడవడి, నీతి, మాటతీరు అన్నీ అందులో ఉన్నాయి. చావుకబురు బంధువులకు ఎలా చెప్పాలో కూడా నేర్పుతారు.

అది లెక్చర్ హాల్లో. అసలు పాఠం వార్డులో, రౌండ్స్ టైములో.

ప్రొఫెసర్ గారు వస్తారు. వెనక అసిస్టెంట్లు, వాళ్ల వెనక పీజీలు, ఆ వెనక హౌస్ సర్జన్లు. ఊరేగింపుకు మేళం ఒక్కటే తక్కువ. “సోడియం ఎంత?” రాత్రంతా శాంపిళ్లు మోసిన ఫస్టియర్ పిల్ల తడబడుతుంది. “నీకు సీటెవరిచ్చారమ్మా?” అని రోగి ముందే, రోగి అల్లుడి ముందే అడుగుతారు. వ్యక్తిత్వ నిర్మాణానికి అదే శంకుస్థాపన. పది నిమిషాల్లో ఆ పిల్ల హౌస్ సర్జన్ మీద అరుస్తుంది. హౌస్ సర్జన్ నర్సు మీద... అబ్బే, అంత ధైర్యం లేదు. నేరుగా రోగి మీదే. “ఎన్నిసార్లు చెప్పాలి పెద్దాయనా, తిని రావద్దని!” పాఠం ఇంత పకడ్బందీగా చివరి మంచం దాకా చేరడం ఇంకే చదువులోనైనా చూశారా?

రెసిడెంట్లకు వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించొద్దని 1992 నాటి కేంద్రం ఆదేశం. 2023 పీజీ నిబంధనలు ఆ అంకెల జోలికి పోకుండా ‘సహేతుకమైన’ పనివేళలు అన్నాయి. హేతువు సారుగారి దగ్గర సిద్ధంగానే ఉంది: “మా రోజుల్లో మూడ్రోజులు కన్ను మూయలేదు.” ఆ మూడ్రోజుల్లో ఆయన చేతికి దొరికిన రోగులు ఏమయ్యారని మాత్రం అడక్కూడదు.

ఇక నిజాయితీ పాఠం. గైడు పర్యవేక్షణలో చేశానని పీజీ లాగ్ బుక్‌లో రాసుకున్న ప్రొసీజర్లు జరుగుతున్నప్పుడు గైడు గారు సొంత నర్సింగ్ హోంలో ఉన్నారు. పరీక్షల ముందు ఒక సాయంత్రం, ఒకే పెన్నుతో, మూడేళ్ల పర్యవేక్షణా పూర్తవుతుంది. 2025 మే నుంచి అధ్యాపకులు హాజరుకు ముఖం చూపించి తీరాలంది జాతీయ వైద్య కమిషన్. చూపిస్తున్నారు. ఆ తర్వాత మనిషి ఎక్కడుంటాడన్నది ముఖానికి సంబంధించిన విషయం కాదు.

కుర్చీ లాక్కుని రోగి పక్కన కూర్చునే ప్రొఫెసర్లూ లేకపోలేదు. “నాకు తెలీదు, చదివి రేపు చెబుతా” అని పీజీల ముందే ఒప్పుకుంటారు. అలాంటి యూనిట్‌లో పిల్లలు మెత్తబడిపోతారని తోటి చీఫ్‌ల బెంగ. పైగా పదోన్నతికి లెక్కకొచ్చేవి అచ్చయిన పేపర్లు. పిల్లలకు నేర్పిన మర్యాదకు ఆ ఫారంలో గడి లేదు. పెట్టినా, దాన్నీ లాగ్ బుక్‌తో పాటే, అదే సాయంత్రం, అదే పెన్నుతో నింపేస్తారు.