ప్రెసిడెంటు గారి పాలన

కూకట్‌పల్లి వైపు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా ఆయన కనబడతారు. రిటైరైన ఆఫీసరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన గదిలోంచి బయటికొస్తే పదిమంది లేచి నిలబడేవారు. ఇప్పుడు ఇంట్లో కాఫీ కూడా ఆయనే లేచి తెచ్చుకోవాలి. ఆ వెలితి పూడ్చడానికే భగవంతుడు ఫ్లాట్ ఓనర్ల సంఘాన్ని సృష్టించాడు.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలి. నడపడానికి తానొక్కడు చాలని ఆయన నమ్మకం.

ఆయన ఆయుధాలు మూడు: తాళాల గుత్తి, రబ్బరు స్టాంపు, అడ్మిన్ తప్ప ఎవరూ నోరెత్తలేని వాట్సాప్ గ్రూపు. అయిదున్నరకు ఉత్తర్వు: "పాలవాళ్ళు లిఫ్టు ఎక్కరాదు." ఆరింటికి సవరణ: "పనివాళ్ళు కూడా." టెర్రస్ మీద వడియాలు పెట్టుకోవాలంటే అర్జీ ఇవ్వాలి. అది మంజూరై తాళంచెవి చేతికొచ్చేసరికి వానాకాలం వస్తుంది.

వాచ్‌మన్ కనబడితే గర్జనే: "ఏమయ్యా, ఎవర్నడిగి మోటారేశావ్?"

"కృష్ణా నీళ్ళొచ్చినయ్ సార్. మిమ్మల్ని లేపేలోపు బందైతయని ఏసిన."

"వస్తే రానీ! ముందు నాకు చెప్పాలా, వద్దా?"

ఇంతటి సింహమూ అయిదో అంతస్తు కాంట్రాక్టరు గారు ఎదురుపడితే పిల్లి. ఆయన ఏడాదిగా మెయింటెనెన్స్ కట్టలేదు, రెండు కార్ల చోటులో ఒక కారు పెడతారు. "మీకు వీలున్నప్పుడే చూడండి సార్" అంటూ ప్రెసిడెంటు గారే లిఫ్టు తలుపు తీసి పట్టుకుంటారు. నీరు పల్లమెరుగు అంటారు. ఆయన అధికారమూ అంతే, వాచ్‌మన్ గది దాకా గలగలా పారుతుంది. పై అంతస్తుకి ఎక్కదు.

ఓ ఎండాకాలం ఆయన అమెరికాలో కొడుకు దగ్గరికి ఆర్నెల్లు వెళ్ళారు. సెక్రటరీ టీచరమ్మ బాధ్యత తీసుకున్నారు. టెర్రస్ తాళంచెవిని మెట్ల పక్కన మేకుకి తగిలించారు. ట్యాంకర్లకెంత, జనరేటర్ డీజిల్‌కెంత, ఎవరి బాకీ ఎంత అని నోటీసుబోర్డు మీద కాగితం అంటించారు. బాకీల పట్టీలో మొదటి పేరు ఆవిడదే, ఒక నెల. సాయంత్రానికి కట్టేసి, అందరూ చూస్తుండగా తన పేరు కొట్టేశారు. ఇక ఆ పట్టీలో మిగిలిన పెద్దపేరు లిఫ్టు కోసం నిలబడ్డ ప్రతివాడికీ కనబడసాగింది. మూడోరోజుకి చెక్కు వచ్చింది. సంపులో నీళ్ళెన్నాళ్ళొస్తాయో తెలిసినవాడు వాచ్‌మన్ ఒక్కడే కాబట్టి, ట్యాంకరు ఎప్పుడు పిలవాలో అతన్నే అడిగారు. ఆ ఆర్నెల్లలో ఆవిడ గొంతు పెంచగా విన్నవారు లేరు.

ప్రెసిడెంటు గారు తిరిగొచ్చారు. నోటీసుబోర్డు ఆసాంతం చదివి, ఆదివారం మీటింగు పెట్టారు.

"చూశారా! నేను లేకపోయినా సంఘం గడియారంలా నడిచింది. అదీ నేను నేర్పిన క్రమశిక్షణ!"

అందరూ చప్పట్లు కొట్టారు. టీ అందిస్తున్న వాచ్‌మన్ వినయంగా అడిగాడు:

"మళ్ళ అమెరికా ఎప్పుడు సార్?"